శాన్‌ఫ్రాన్సిస్కో కంప్యూటరు మహాసభ

జ్ఞానము ఏ కాలమునను ఏకాంతమున మాత్రమే పెరుగలేదు. ఒకడు తన గదిలో కూర్చుండి చేసిన పరిశ్రమ నలుగురి ముందునకు వచ్చి, నలుగురి ప్రశ్నలకు నిలిచినపుడే దానికి గట్టిదనము కలుగును. పూర్వము రాజాస్థానములయందు విద్వత్సభలు జరిగెడివి. నేడు వైద్యులు, ఇంజనీర్లు, రైతులు తమ తమ విషయములను గూర్చి సభలు జరుపుకొనుచున్నారు. కంప్యూటరుచేత పని చేయించు ఆదేశములను వ్రాయువారిని సాఫ్ట్‌వేరు నిపుణులందురు. వారికిని ఇట్టి సభలు కలవు. వానిలో పెద్దవానికి వివిధదేశములనుండి వేలకొలది నిపుణులు వచ్చి, రెండు మూడు దినములు ఒకచోట గడుపుదురు.

ఇట్టి సభ యెట్లుండును? ఉదయమున అందఱును ప్రధానమందిరమున కూడుదురు. పేరు గాంచిన నిపుణు డొకడు ముఖ్యోపన్యాసము చేయును. పిమ్మట సభ పెక్కు శాఖలుగా చీలును. ఒక గదిలో ఒకడు కొత్త ప్రోగ్రాము భాషను గూర్చి చెప్పుచుండగా, ప్రక్క గదిలో వేఱొకడు తాను కనిపెట్టిన ఉపాయమును యంత్రముపై చేసి చూపుచుండును. ఒకే గంటలో పదిచోట్ల పది ఉపన్యాసములు జరుగును గావున, దేనికి పోవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. విరామసమయమున వసారాలలోను భోజనశాలలోను జరుగు సంభాషణములు ఉపన్యాసములకంటె తక్కువ విలువ గలవి కావు. ఉపన్యాసములన్నియు అచ్చులో దొరకును గదా, అంతదూరము పోవనేల యని కొందఱడుగవచ్చును. అచ్చుకాగితము తాను చెప్పదలచినదానిని మాత్రమే చెప్పును. అడిగిన ప్రశ్నకు బదులు చెప్పదు. మఱియు ఒక సాధనము నిజముగా పని చేయునో చేయదో కన్నులార చూచుటకు సభయే తగిన చోటు.

అట్టి సభలలో 1968వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీ సోమవారమునాడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగినది చిరస్మరణీయమైనది. ఆనాడు ఒక శాస్త్రజ్ఞుడు సుమారు వేయిమంది నిపుణుల యెదుట తొంబదినిమిషములు కూర్చుండి చూపిన పనులు, నేడు ప్రతి కార్యాలయమునను ప్రతి పాఠశాలయందును జరుగుచున్న పనులకు మూలములయ్యెను.

అమెరికాలోని కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘములు కొన్ని కలిసి 1951వ సంవత్సరమునుండి ఉమ్మడి సభలు జరుపుచుండెడివి. 1960 తరువాత అవి వసంతకాలమున నొకటి, శరత్కాలమున నొకటి చొప్పున జరిగెను. పండితులు తమ పరిశోధనలను వ్యాసములుగా వ్రాసి ముందుగా పంపుదురు. వానిలో తగినవానిని ఎన్నుకొని గ్రంథముగా అచ్చువేయింతురు. వ్యాసకర్తలు సభలో వానిని వివరింతురు. యంత్రములను నిర్మించు కంపెనీలు తమ వస్తువులను ప్రదర్శనశాలలో నిలుపును. 1968 శరత్కాల సభకు వచ్చిన వ్యాసములలో మానవబుద్ధికి బలము చేకూర్చు పరిశోధనకేంద్రమును గూర్చిన వ్యాస మొకటి. దానిని వ్రాసినవారు డగ్లస్ ఎంగెల్బార్టు, అతని సహచరుడు బిల్ ఇంగ్లిష్.

ఆ వ్యాసము విలువను గ్రహించుటకు ఆనాటి కంప్యూటర్ల స్థితిని తెలిసికొనవలెను. నేడు కంప్యూటరు బల్లపై నుండును, చేతిసంచిలో ఇముడును, అఱచేతిలోని ఫోను సయితము ఒక కంప్యూటరే. ఆనాడట్లు కాదు. ఒక పెద్ద కంప్యూటరు గదినంతయు ఆక్రమించెడిది. దాని వెల లక్షల డాలర్లు. కావున విశ్వవిద్యాలయములు, పెద్దకంపెనీలు, ప్రభుత్వశాఖలు మాత్రమే దానిని కొనగలిగెడివి. దానితో పని గలవాడు తన ఆదేశములను అట్టముక్కలపై చిల్లులుగా పొడిపించి, ఆ కట్టను అక్కడి ఉద్యోగి కిచ్చి వెడలిపోవలసినదే. కొన్ని గంటలకో, మఱునాడో ఫలితము కాగితముపై అచ్చై వచ్చెడిది. ఒక్క అక్షరము తప్పినను పని చెడెడిది. తప్పు దిద్ది మరల వరుసలో నిలువవలసివచ్చెడిది. మనుష్యుడు యంత్రము నెదుట కూర్చుండి, అడిగినవెంటనే బదులు పొందు విధానము అప్పుడప్పుడే మొలకెత్తుచుండెను. కంప్యూటరనగా లెక్కలను వేగముగా కట్టు యంత్రమనియే పెక్కుమంది తలంచిరి. అది ఆలోచనకు తోడ్పడు పనిముట్టు కాగలదని నమ్మిన కొలదిమందిలో ఎంగెల్బార్టు ముఖ్యుడు.

డగ్లస్ ఎంగెల్బార్టు 1925 జనవరి 30వ తేదీన ఆరిగన్ రాష్ట్రమందలి పోర్ట్‌లండు పట్టణమున జన్మించెను. తొమ్మిదేండ్ల వయస్సున తండ్రిని పోగొట్టుకొనెను. కళాశాలలో విద్యుచ్ఛాస్త్రమును చదువుచుండగా రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. అతడు నౌకాదళమున చేరి రాడారు పనిలో శిక్షణ పొంది, ఫిలిప్పీను దీవులకు పంపబడెను. అచ్చట లేటె అను ద్వీపమున రెడ్‌క్రాసు సంఘమువారి చిన్న గ్రంథాలయ మొకటి యుండెను. వెదురుతోను గడ్డితోను కట్టిన ఆ కుటీరమున అతడు వానెవర్ బుష్ అను శాస్త్రజ్ఞుడు 1945లో ప్రకటించిన వ్యాసమును చదివెను. పుస్తకములు, పత్రికలు నానాటికి పెరిగిపోవుచుండ, వానిలో కావలసినదానిని వెదకికొనుట మనుష్యునకు దుర్లభమగుచున్నదనియు, విషయమునకు విషయమునకు నడుమ దారులు వేసి చూపు యంత్రమును నిర్మింపవలెననియు బుష్ అందు సూచించెను. ఆ తలంపు ఆ యువకుని మనస్సున విత్తనమువలె పడియుండెను.

యుద్ధానంతరమున అతడు 1948లో పట్టము పొంది, కాలిఫోర్నియాలో విమానపరిశోధనశాల యొకదానిలో ఉద్యోగమున చేరెను. 1950 డిసెంబరులో అతనికి వివాహము నిశ్చయమయ్యెను. మంచి ఉద్యోగము, తగిన జీతము, కోరిన కన్య, అన్నియు సమకూడెను. ఇక మిగిలిన జీవితమును దేనికి వినియోగింపవలెనను ప్రశ్న అప్పుడతనికి కలిగెను. లోకమున సమస్యలు నానాటికి చిక్కువడుచున్నవి. వానిని విప్పుటకు మనుష్యులకు గల శక్తి అంత వేగముగా పెరుగుట లేదు. ఒక్కొక్క సమస్యను పరిష్కరించుటకంటె, సమస్యలను కలిసి పరిష్కరించు శక్తినే పెంపొందింపగలిగినచో అది గొప్ప సేవ యగునని అతడు నిశ్చయించెను. రాడారు తెరపై వెలుగుచుక్కలు కదలుట అతడెఱుగును. యంత్రము తెరపై చుక్కలను చూపగలిగినపుడు అక్షరములను ఏల చూపలేదు? అట్టి తెర యెదుట కూర్చుండి మనుష్యులు తమ భావములను కూర్చుకొనవచ్చును గదా యని అతడు తలంచెను. ఉద్యోగమును వదలి, మరల విద్యార్థియై, 1955లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందెను. 1957లో మెన్లోపార్కు అను ఊరిలోని స్టాన్‌ఫర్డు పరిశోధనసంస్థలో చేరెను.

1962లో అతడు తన ఆశయమును వివరించుచు ఒక నివేదికను వ్రాసెను. పనిముట్టు ఆలోచనను ఎట్లు మార్చునో తెలుపుటకు అందొక సులభమైన పరీక్షను చెప్పెను. పెన్సిలు నొక ఇటుకకు కట్టి, దానితో వ్రాయుమని మనుష్యుల కీయవలెను. అక్షరములు పెద్దవియు వంకరవియు అగును. చేయి త్వరలో అలసిపోవును. రెండు వాక్యములు వ్రాయుటకే అంతటి శ్రమ యైనచో, ఎవడును తాను వ్రాసినదానిని దిద్దుకొనుటకు పూనుకొనడు, దీర్ఘవ్యాసములు వ్రాయడు. కావున బరువైన పనిముట్టు చేతిని మాత్రమే గాక బుద్ధినికూడ కట్టివేయును. దీనినే తిరుగవేసి చూచినచో, పనిముట్టు తేలికపడినకొలది బుద్ధి విప్పారవలెను. వాక్యమును త్రుంచుట, అతుకుట, స్థానము మార్చుట, కావలసినదానిని క్షణములో తెచ్చుకొనుట సులభమైనచో మనుష్యుని ఆలోచన యెంతదూరము పోవునో చూడవలెనని అతని సంకల్పము. పెక్కుమంది దీనిని వింతకోరికగా భావించిరి. అయినను ఆర్పా యను రక్షణశాఖవారి పరిశోధనవిభాగమును, నాసా సంస్థయు, వైమానికదళమును ఆ సంకల్పమున సారము కలదని గ్రహించి ధనసహాయము చేసెను.

తెరపై కనబడు అక్షరములలో ఒకదానిని చూపి, ఇది యని యంత్రమునకు తెలుపు సాధనము కావలసివచ్చెను. ఎంగెల్బార్టు చెప్పిన ఉపాయము ననుసరించి 1964లో బిల్ ఇంగ్లిష్ ఒక చిన్న కొయ్యపెట్టెను చేసెను. దాని అడుగున రెండు చక్రము లుండెను. ఒకటి అడ్డముగను, రెండవది నిలువుగను జరుగు కదలికను కొలుచును. బల్లపై పెట్టెను జరిపినచో, తెరపై గుర్తొకటి అదే దిక్కునకు జరుగును. పెట్టెకు తోకవంటి తీగ యుండుటచే పరిశోధకులు దానిని మౌస్, అనగా చిట్టెలుక, యని పిలిచిరి. వారు ఆ పేరుతో తృప్తిపడలేదు. ముందుముందు మంచిపేరు పెట్టవచ్చుననుకొనిరి. కాని ఆ పేరే నిలిచెను. తెరకు తాకించు వెలుగుకలమును, మోకాలితో కదలించు మీటను, ఇట్టి ఇతరసాధనములను దీనితో పోల్చి పరీక్షింపగా, అభ్యాసము గలవారు మౌస్‌తోనే తక్కువ తప్పులతో త్వరగా పని చేయుచున్నట్లు తేలెను. దీనికి తోడుగా ఎడమచేతికి ఐదు మీటలు గల సాధన మొకటి చేసిరి. ఐదు మీటలను విడివిడిగను కలిపియు నొక్కినచో 31 విధములైన గుర్తులు ఏర్పడును. ఇట్లు కుడిచేయి చూపుచుండగా ఎడమచేయి వ్రాయగలుగును. ఈ సాధనములతో నడుచునట్లు వారు ఎన్.ఎల్.ఎస్. అను గొప్ప ప్రోగ్రామును నిర్మించిరి. దానిలో వ్రాసినవారు దానితోనే తమ నిత్యకృత్యములను జరుపుకొనుచు, లోపములు కనబడినకొలది దిద్దుచుండిరి.

ఇంత చేసినను లోకము నమ్మలేదు. వ్యాసములు చదివినవారికి ఈ విధానము మనస్సునకు పట్టకుండెను. ఎన్నడును ఈత చూడనివానికి ఈతను మాటలతో వర్ణించినట్లుండెను. అందుచే ఎంగెల్బార్టు సభలో వ్యాసమును చదువుటకు మాఱుగా, యంత్రమును ఉన్నదున్నట్లు నడిపి చూపుదునని నిశ్చయించెను. ఇది సాహసము. అవధానము చేయు కవి సభలో పృచ్ఛకుల నడుమ కూర్చుండునపుడు ముందుగా వ్రాసి దాచుకొన్న కాగితము అతనికి తోడుండదు. తడబడినచో సభయంతయు చూచును. ఎంగెల్బార్టు స్థితియు అట్టిదే. ఒక తీగ తెగినను, ఒక దీపము ఆరినను తెర నల్లబడును. అప్పుడు సభాసదులు తమ ఊళ్లకు పోయి, ఆ కేంద్రము చెప్పినదంతయు కలయేనని చాటుదురు. ప్రజాధనమును ప్రదర్శనమునకు వ్యయపఱచితిరేమని ప్రభుత్వ మడుగును. ధనసహాయము నిలిచిపోయినచో అనేక సంవత్సరముల పరిశ్రమయు, సహచరుల జీవనమును ఆపదలో పడును. ఇదంతయు ఎఱిగియే అతడు పూనుకొనెను.

సభాభవనమునకు కంప్యూటరును తీసికొనిపోవుట అసాధ్యము. అది సుమారు 48 కిలోమీటర్ల దూరముననున్న మెన్లోపార్కులోనే యుండవలెను. మఱి దాని తెరను శాన్‌ఫ్రాన్సిస్కోలో చూపుటెట్లు? ఈ భారమును బిల్ ఇంగ్లిష్ వహించెను. దృశ్యములను తెచ్చుటకు సూక్ష్మతరంగ మార్గములను రెండింటిని అద్దెకు తీసికొనిరి. ఎంగెల్బార్టు సభలో నొక్కిన మీటల సంకేతములు కంప్యూటరునకు చేరుటకు టెలిఫోను తీగను ఏర్పఱచి, దానికి తగిన పరికరమును తామే నిర్మించుకొనిరి. వేయిమందికి కనబడునట్లు 20 అడుగులకు మించిన తెరను నిలిపిరి. దానిపై ప్రకాశవంతముగా దృశ్యమును పడవేయగల ఐడోఫోరు అను అరుదైన యంత్రమును నాసావారినుండి ఎరవు తెచ్చిరి. ఒక కెమెరా ఎంగెల్బార్టు ముఖమును, ఒకటి అతని చేతులను చూపవలెను. మెన్లోపార్కులో మఱికొన్ని కెమెరాలు సహచరులను చూపవలెను. ఏ క్షణమున ఏ దృశ్యము తెరపైకి రావలెనో నిర్ణయించుచు ఇంగ్లిష్ సభామందిరము వెనుక భాగమున కూర్చుండెను. నాటకములు ప్రదర్శించుటలో అతనికి పూర్వానుభవ ముండెను. అది ఇప్పు డక్కఱకు వచ్చెను.

నిర్ణయించిన వేళకు సభామందిరము నిండెను. ఎంగెల్బార్టు వేదికపై ఒకప్రక్కన కుర్చీలో కూర్చుండెను. అతని వయస్సప్పుడు 43 సంవత్సరములు. చెవులకు వినికిడి సాధనము, నోటిముందు మైకు, కుడిచేతి క్రింద మౌస్, ఎడమచేతి క్రింద ఐదుమీటల సాధనము, నడుమ కీబోర్డు ఉండెను. అతడు మెల్లని కంఠస్వరముతో సభనొక ప్రశ్న అడిగెను. బుద్ధితో పని చేయు ఒక ఉద్యోగికి దినమంతయు మేల్కొనియుండి, ఏది చేసినను తత్క్షణమే బదులు పలుకు కంప్యూటరు తన బల్లవద్దనే లభించినచో అతడెంత ప్రయోజనమును పొందగలడు? అను భావము గల ఆ ప్రశ్న పిమ్మట అతడు మాటలు తగ్గించి, చేతలు ప్రారంభించెను.

తెరపై తెల్లని పుట తోచెను. అతడు కొన్ని పదములు వ్రాసెను. ఒకదానిని తుడిచెను, ఒకదానిని మఱొకచోట నిలిపెను, ఒక వాక్యమునకు ప్రతులు తీసెను. చిల్లుల అట్టలకు అలవాటుపడిన సభాసదులకు అదియే వింత. పిమ్మట గృహిణి భర్తకిచ్చు జాబితావంటి దానిని, అంగడిలో కొనవలసిన వస్తువుల పట్టికను, అతడు తెరపైకి తెచ్చెను. వస్తువులను తరగతులుగా విభజించెను. ఒక్క మీట నొక్కగా తరగతుల పేర్లు మాత్రము మిగిలి, లోపలివి దాగెను. మరల నొక్కగా అన్నియు కనబడెను. ఇంటికి పోవుచు ఎక్కడెక్కడ ఆగవలెనో తెలుపు పటమును చూపెను. పటములోని ఒక పేరును మౌస్‌తో చూపగా, ఆ స్థలమునకు సంబంధించిన వివరములు తెరపై వచ్చెను. పుస్తకములో ఒక పుటనుండి ఇంకొక పుటకు వ్రేళ్లతో తిరగవేయుటకు బదులు, పదమునుండి పదమునకు దారి వేయుట ఇదియే. బుష్ వ్యాసములో 1945లో చదివిన తలంపు ఇరువదిమూడేండ్ల పిమ్మట ఇట్లు రూపు ధరించెను. నేటి ఇంటర్నెట్టులో లింకు అని పిలుచునది ఇట్టిదే.

అప్పుడు తెరపై అతని చేయి కనబడెను. మౌస్ జరిగినకొలది తెరమీది చుక్క జరుగుట సభ చూచెను. దాని కా పేరేల వచ్చెనో తనకును తెలియదనియు, అట్లే మొదలై మాఱకుండ నిలిచిపోయెననియు అతడు చిఱునవ్వుతో చెప్పెను. తరువాత తెరయొక్క ఒక మూలను మెన్లోపార్కులోని జెఫ్ రూలిఫ్‌సన్ అను సహచరుడు ప్రత్యక్షమై ప్రోగ్రాము నిర్మాణమును వివరించెను. పిమ్మట బిల్ పాక్స్‌టన్ కనబడెను. 48 కిలోమీటర్ల ఎడముననున్న ఇరువురును ఒకరి ముఖమొకరు చూచుకొనుచు, మాటలాడుకొనుచు, ఒకే పుటపై కలిసి పని చేసిరి. తెరపై రెండు చుక్కలు కదలెను: ఒకటి ఈతనిది, రెండవది ఆతనిది. ఒకే కాగితముపై ఇరువురు రెండు ఊళ్లలో కూర్చుండి వ్రాయుట ఆ సభలోనివారికి ఊహకు రాని విషయము. త్వరలో ఆర్పా సంస్థ దేశమందలి కంప్యూటర్లను కలుపు వలయమును నిర్మింపనున్నదనియు, తమ కేంద్రమును అందు చేరుననియు ఎంగెల్బార్టు సూచించెను.

తొంబదినిమిషములు గడచెను. తీగలు తెగలేదు, తెర నల్లబడలేదు. ఎంగెల్బార్టు తన సహచరుల కందఱకు కృతజ్ఞత తెలిపి, పట్టుదల గల తనను సహించిన భార్యకును బిడ్డలకును ఆ ప్రదర్శనమును అంకితము చేసెను. సభాసదులు లేచి నిలువబడి కరతాళధ్వనులు చేసిరి. కొంతకాలమునకు పూర్వము అతనిని వింతమనిషిగా భావించినవారు ఇప్పు డతని యంత్రమును చూడగోరిరి. ఆ సభలో అలన్ కే అను యువశాస్త్రజ్ఞు డుండెను. జ్వరముతో నున్నను తాను వచ్చితినని అతడు తరువాత చెప్పెను. పిల్లలు సయితము వాడదగిన చిన్న కంప్యూటర్లను గూర్చి ఆలోచించి అతడు ముందు కాలమున ప్రసిద్ధుడయ్యెను.

ప్రదర్శనమున చెప్పిన వలయము మఱుసటి సంవత్సరమే ఏర్పడెను. 1969 అక్టోబరు 29వ తేదీన లాస్‌ఏంజెలీసు విశ్వవిద్యాలయమునుండి పంపిన మొదటి సందేశమును అందుకొన్న కంప్యూటరు ఎంగెల్బార్టు కేంద్రములోనిదే. నేటి ఇంటర్నెట్టునకు అది ఆరంభము. 1970లో జెరాక్సు కంపెనీ పరిశోధనాలయమును స్థాపింపగా బిల్ ఇంగ్లిష్, మఱికొందఱు సహచరులు అక్కడికి చేరిరి. 1973లో అక్కడ నిర్మించిన ఆల్టో కంప్యూటరులోను, 1984లో ఆపిల్ కంపెనీవారు విక్రయించిన మాకింటాషులోను మౌస్ చోటు చేసికొనెను. కొలదికాలమున అది లోకమంతటను వ్యాపించెను.

అయితే బీజము వేసినవానికి ఫలము దక్కలేదు. మౌస్ పేటెంటు 1970లో లభించినను దాని హక్కు అతడు పనిచేసిన సంస్థదే. మౌస్ ఇంటింటికి చేరకమునుపే, 1987లో, ఆ పేటెంటు గడువు తీఱెను. ఎంగెల్బార్టునకు దానివలన రాబడి కలుగలేదు. నేర్చుకొనుటకు శ్రమ పడినను సమూహము కలిసి వాడుకొను పెద్ద సాధనము కావలెనని అతని అభిప్రాయము. ఒక్కొక్కనికి ఒక్కొక్క సులభమైన యంత్రము కావలెనని యువకుల అభిప్రాయము. లోకము యువకుల వైపు మొగ్గెను. ధనసహాయము తగ్గిపోయి, 1970 తరువాతి దశకము చివర అతని కేంద్రము వేఱొక కంపెనీ పరమయ్యెను. అతడు చాలకాలము మఱపున పడెను. గౌరవము ఆలస్యముగా వచ్చెను. 1997లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగు బహుమానమును, 2000లో అమెరికా జాతీయ సాంకేతిక పతకమును పొందెను. 1998 డిసెంబరు 9వ తేదీన, సరిగా ముప్పదియేండ్లకు, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆ ప్రదర్శనమునకు ఉత్సవము జరిగెను. 2013 జులై 2వ తేదీన 88వ యేట అతడు మరణించెను. మౌస్‌ను కనిపెట్టినవాడని లోకము కీర్తింపగా, అది తన ఆశయమున చిన్నభాగమే యనియు, మనుష్యులు కలిసి ఆలోచించు శక్తిని పెంచుటయే అసలు పని యనియు, అది ఇంకను మిగిలియున్నదనియు అతడు భావించెను.

ఆ సభ పిమ్మట సాఫ్ట్‌వేరు సభలు లోకమంతట పెరిగెను. ఆపిల్ కంపెనీ 1983నుండి, గూగుల్ 2008నుండి తమ తమ నిపుణసభలను జరుపుచున్నవి. హైదరాబాదున 1967లో జన్మించి, 2014లో మైక్రోసాఫ్టు కంపెనీకి అధిపతియైన సత్య నాదెళ్ల ఆ కంపెనీ సభలలో ముఖ్యోపన్యాసములు చేసెను. బెల్జియం రాజధానియగు బ్రస్సెల్సులో విశ్వవిద్యాలయ ప్రాంగణమున జరుగు ఫాస్‌డెం సభను స్వచ్ఛందసేవకులే నడుపుదురు; దానికి ప్రవేశరుసుము లేదు. 2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు పెక్కుసభలు ఇంటర్నెట్టుద్వారానే జరిగెను. ఇరువురు రెండు ఊళ్లలో ఉండి కలిసి పని చేయుటను ఎంగెల్బార్టు చూపిన 52 ఏండ్లకు, లక్షలమంది ఇండ్లనుండి కదలకుండ సభలలో పాల్గొనిరి.

ఇట్టి సభలకు పోవువారిలో ఇరుతెగలవారు కలరు. కొందఱు ఉచితముగా ఇచ్చు సంచులను, చొక్కాలను కూర్చుకొని, పెద్దలతో ఫొటోలు తీయించుకొని వత్తురు. కొందఱు కార్యక్రమపట్టికను ముందే చదివి, తమకు తెలియని విషయమును ఎన్నుకొని, శ్రద్ధగా విని, సందేహములను జంకక అడిగి, ఊరికి వచ్చిన పిమ్మట తోడివారికి బోధింతురు. అలన్ కే జ్వరమును లెక్కింపక కూర్చుండి విన్నది అట్టి శ్రద్ధతోనే. వినువాని శ్రద్ధ చెప్పువాని శ్రమకు తగినదై యుండవలెను.

1968 నాటి ప్రదర్శనమును అప్పుడే చలనచిత్రముగా తీసియుంచిరి. నేడు ఎవరైనను దానిని చూడవచ్చును. అందు కనబడు దృశ్యములు నలుపు తెలుపులలో మసకగా నుండును. అక్షరములు మోటుగా నుండును. కాని ఆ మసకతెర యెదుట, తన సర్వస్వమును పణముగా నొడ్డి నిబ్బరముగా కూర్చున్న మనుష్యుడు స్పష్టముగా కనబడును. అతడు చేసి చూపిన పనులను లోకము గ్రహించెను. అవి యెందుకు చేసెనో, ఆ ప్రయోజనమును నెఱవేర్చు భారము మాత్రము ఇప్పటి విద్యార్థులకే మిగిలినది.

ప్రశ్నలు

1. సాఫ్ట్‌వేరు నిపుణుల సభ యెట్లు జరుగునో వర్ణింపుము. అచ్చుకాగితము చేయలేని ఏ పనిని సభ చేయగలదు?
2. 1968 నాటి కంప్యూటర్లకును నేటి కంప్యూటర్లకును గల భేదములను తెలుపుము.
3. పెన్సిలును ఇటుకకు కట్టి చేసిన పరీక్షవలన ఎంగెల్బార్టు ఏమి నిరూపింపదలచెను? నీవును ఆ పరీక్షను చేసి, కలిగిన అనుభవమును పది వాక్యములలో వ్రాయుము.
4. సభలో యంత్రమును నడిపి చూపుట సాహసమని యేల చెప్పవలెను?
5. దూరముననున్న కంప్యూటరు తెరను సభలో చూపుటకు బిల్ ఇంగ్లిష్ చేసిన ఏర్పాట్లెవ్వి?
6. తన ఆశయమున మౌస్ చిన్నభాగమే యని ఎంగెల్బార్టు భావించుటకు కారణమేమి?